డ్రిల్లు టీచర్ నేర్పిన ఇంగ్లిష్

మొన్న పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ గట్టిగా ఈల వేశాడు. ఆటోలో కునికిపాట్లు పడుతున్న నేను ఉలిక్కిపడి, భుజాలు వెనక్కి విరిచి నిటారుగా కూర్చున్నాను. నల్లకోటు వేసుకున్న లాయరమ్మకి ఈల అంటే ఇంత భయమేమిటా అన్నట్టు డ్రైవరు అద్దంలోంచి చూశాడు. తప్పు నాది కాదు, మా స్వరూప టీచర్‌ది.

ఆవిడ మా స్కూల్లో డ్రిల్లు టీచర్. అమీర్‌పేటలో మా కింది వాటాలోనే ఉండేవారు. వీధి పొడవునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడి, ఆకాశం కనపడని రోజులవి. నేను పన్నెండో తరగతి. లా చదువుతానంటే మా నాన్నగారికి మింగుడుపడలేదు. “ఒక్కసారి ఎంట్రన్స్ రాసుకో. సీటు రాలేదా, మారుమాట్లాడకుండా ఎదురింటి నరేష్ గారి ఇన్‌స్టిట్యూట్‌లో జావాలో చేరాలి” అన్నారు. ఆ ఎంట్రన్స్‌లో ఇంగ్లిష్ మాటలకి అర్థాలు అడుగుతారు. నాకేమో రికార్డులు, ప్రాక్టికల్స్, యూనిట్ టెస్టులు పోగా మిగిలింది పొద్దున పంజాగుట్ట స్కూలుకి నడిచే దారి ఒక్కటే. అలా పుస్తకంలో తల దూర్చి నడుస్తూ ఆగి ఉన్న స్కూటర్‌ని గుద్దుకోబోతుంటే, వెనకనుంచి టీచర్ నా జడ పట్టుకుని ఆపారు.

“మూతి పగుల్తది బిడ్డా. ఏం చదువుతున్నవ్?”

ఎంత బట్టీపట్టినా సాయంత్రానికి ఒక్క మాటా గుర్తుండటం లేదని చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

“నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే. నువ్వు అర్థం తెలుగుల చెప్పు. ఒంట్లకు ఎట్ల ఎక్కదో నేన్ చూస్త.”

మర్నాటినుంచి నడకే తరగతి అయింది. నేను అర్థం చెప్పిన ప్రతి మాటనీ అక్కడికక్కడే ఒంటితో చేసి చూపించాలి. ‘స్ట్రట్’ అంటే రొమ్ము విరుచుకుని నడవడం కాబట్టి ఇడ్లీ బండి ముందు అలాగే నడిచాను. ‘టాటర్’ అంటే తూలడం. దాన్ని స్కూలు యూనిఫారంలో, సరిగ్గా వైన్‌షాపు ముందు చేయించారు. “ఇంకా తూలు! గిది మోకాళ్ల నొప్పి లెక్కున్నది” అంటూ ఈల ఊదారు. ఇడ్లీ బండి ఆయన నన్ను చూసి జాలిగా తల ఊపాడు.

‘బిసీచ్’ అంటే ప్రాధేయపడడం. ఆ రోజు నరేష్ గారి ఇన్‌స్టిట్యూట్ ముందే మోకాళ్ల మీద కూలబడి, టీచర్‌కి చేతులు జోడించాను. మెట్ల మీద నిలబడి కరపత్రాలు పంచుతున్న నరేష్ గారు పరిగెత్తుకొచ్చారు. “అయ్యో, లేమ్మా! ఫీజు సంగతి నాన్నగారితో మాట్లాడుకుంటాలే!”

సాయంత్రం నాన్నగారు మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చారు. “జావా కోసం రోడ్డు మీద పడి బతిమాలావంటగా! మరి లా అని ఆ నాటకాలేంటే? బ్యాచ్‌లో పేరు రాయించేశాను. ఆ ఎంట్రన్స్ ఇంక మానెయ్.”

నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. నా ఏడుపు విని టీచర్ పైకి వచ్చి, అది ఇంగ్లిష్ పాఠమని చెప్పారు.

“డ్రిల్లు టీచర్ ఇంగ్లిష్ నేర్పడమేంటండి?” అన్నారు నాన్నగారు.

“నేర్పుతలేను సార్. పిల్లనే నేర్చుకుంటుంది, నేను ఈల ఊదుతున్న, గంతే. కావాలంటె అడిగి చూడుండ్రి.”

నాన్నగారు పుస్తకం తెరిచి ఒక్కో మాటా అడిగారు. ఒక్కటీ తప్పకుండా హాల్లో చేసి చూపించాను. ‘టాటర్’ దగ్గరికి వచ్చేసరికి, నాకు కళ్లు తిరిగాయనుకుని అమ్మ నీళ్ల చెంబుతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాన్నగారు నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. “సరే, రాసి తగలడు” అన్నారు.

పరీక్ష ముందురోజు పంజాగుట్ట బస్టాపులో ఆఖరి పాఠం ‘స్టెడ్‌ఫాస్ట్’. అంటే చలించకపోవడం.

“నేన్ నూకుత. నువ్వు కదలద్దు” అన్నారు టీచర్. మొదటి తోపుకే వెళ్లి బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన మీద పడ్డాను. ఆయనకి సారీ చెప్పించి మళ్లీ నిలబెట్టారు. “పాదాలు జర ఎడంగ పెట్టు. వేళ్లతోని భూమిని పట్టుకో. ఎవరు నూకినా మొఖం మార్చకు.” ఈసారి గట్టిగా తోశారు. నేను కదల్లేదు. ఆవిడ ఈలని చేతిసంచిలో వేసుకున్నారు.

పరీక్ష హాల్లో మాటల అర్థాలు గుర్తుతెచ్చుకుంటూ కూర్చునే తూలుతుంటే, చీటీలున్నాయేమోనని ఇన్విజిలేటర్ వంగి బల్ల కింద చూశాడు. నా పాదాలు తప్ప ఏమీ కనపడలేదు. సీటు వచ్చింది. ఆ వార్త వినగానే నరేష్ గారు, “మరి నీకు తమ్ముళ్లెవరైనా ఉన్నారామ్మా?” అని అడిగారు.

టీచర్ పోయి కొన్నేళ్లయింది. ఆవిడ లేని లోటు నాకు ఎక్కువగా కోర్టులోనే తెలుస్తుంది. ఎదుటి పక్షం సీనియర్ లాయరు గొంతు పెంచి నా మీద విరుచుకుపడినప్పుడల్లా నా పాదాలు వాటంతటవే కాస్త ఎడంగా జరుగుతాయి. బూట్లలో వేళ్లు నేలను పట్టుకుంటాయి. మొహం మార్చకుండా ఆయన ముగించేదాకా నిలబడి, నా వంతు రాగానే మొదలుపెడతాను. ఆ ముందు ఒక్క క్షణం మాత్రం, వెనకనుంచి ఈల వినపడుతుందేమోనని చెవి ఒగ్గుతాను.