మంగకు హాజరు పడలేదు

గురువారం పొద్దున ఆనర్స్ పిల్లల జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. ఒక్కో పేరు పక్కన ఆ ఏడాది వాళ్ళు హాజరైన కార్యక్రమాల సంఖ్య వేశారు. పన్నెండు ఉంటే నాలుగో ఏడు ఆనర్స్‌లో చదవొచ్చు. తగ్గితే మూడేళ్ళ డిగ్రీ పట్టా చేతిలో పెట్టి సాగనంపుతారు. మంగ పేరు నలభై ఒకటో వరుసలో ఉంది. పక్కన సున్నా ఉంది.

ఏదో పొరపాటు పడిందనుకుంది. కింది వరుస అంకె పైకి జరిగిందేమోనని వేలు పెట్టి చూసింది. జరగలేదు. ఏడాదిలో పద్నాలుగు కార్యక్రమాలు జరిగితే, పద్నాలుగింటికీ అందరికన్నా ముందొచ్చి అందరికన్నా వెనక పోయిన పిల్లకు సున్నా వేశారు.

నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాక ఉండే ఆ కాలేజీ పేరు మనకిప్పుడు అనవసరం. మంగది అశోక్‌నగర్ మురికి నాలా పక్కన రేకుల గది. తండ్రి మాసయ్య సెంట్రింగ్ పనికి పోతాడు, తల్లి మాసమ్మ ఇటుకలు మోస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బస్తీకొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. సర్కారు కొలువుల కోసం చదివే జనం ఐదింటికే లైబ్రరీ ముందు కుర్చీలకు వరుస కట్టే ఆ పేటలో, పుస్తకం పట్టుకున్న వాళ్ళను చూస్తూ చూస్తూ మంగ కూడా పుస్తకం పట్టింది. మైక్రోబయాలజీ ఆనర్స్‌లో సీటొచ్చింది.

నాలుగో ఏడు మీద ఆమెకంత పిచ్చి ఎందుకంటే, ఆ ఏడాదంతా సొంత ప్రాజెక్టు చేసుకోనిస్తారు. ప్రతి వానకీ నాలా నీళ్ళు వాళ్ళ గదిలోకి వస్తాయి. నీళ్ళు తీసిన వారానికి బస్తీలో సగం మంది వాంతులు, విరేచనాలతో పడిపోతారు. ఆ నీళ్ళలో ఉన్న పురుగేదో, అది తాగేనీళ్ళ పైపులోకి ఏ సందులో దూరుతోందో ల్యాబులో తేల్చాలని మంగ పట్టుదల. అంశం రాసిచ్చింది, ఒప్పుకున్నారు కూడా. నమూనాలు పట్టడానికి సీసాలు కడిగి పెట్టుకుంది. ఇప్పుడు ఆ ల్యాబులోకి రానిచ్చేది లేదంటున్నారు.

అసలు సంగతి ఇలా జరిగింది. జూలైలో మొదటి సదస్సు నాడు ఆనర్స్ బాధ్యురాలు జయశ్రీ మేడమ్ రిజిస్టర్ తెచ్చి మంగ చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి అందరితో సంతకాలు పెట్టించమంది. ఆ పిల్ల పద్ధతి మేడమ్‌కు నచ్చింది. ఇంకేముంది, ఆ రోజు నుంచీ అన్నీ మంగే. దీపం కుందిలో నూనె పొయ్యడం, శాలువాలు మడత పెట్టడం, అతిథుల పేర్ల చీటీలు రాయడం, మంచినీళ్ళ సీసాలు, చివరికి తన ఫోన్‌తోనే ఫోటోలు తియ్యడం. మన కాలేజీల్లో ఎవరైనా ఒక్కసారి చేతనైనట్టు కనబడ్డారో, ఇక జన్మలో వాళ్ళను కూర్చోనివ్వరు.

అన్నం వడ్డించే మనిషి అందరి తిండీ అయ్యాక కూర్చోవడం ఇంటి మర్యాద. మంగ సంతకానికీ అదే మర్యాద పట్టించింది. అందరూ పెట్టాక పెడదామనుకునేది. ఈలోగా లోపల్నుంచి 'మంగా, మైకు' అని పిలుపొచ్చేది. కార్యక్రమం అయ్యాక సంతకాలు లెక్కపెట్టి, ఆఖరి పేరు కింద స్కేలుతో గీత కొట్టి, మొత్తం వేసి మేడమ్ ముందు పెట్టేది. మేడమ్ ఆ గీత కింద సంతకం చేసేది. గీత కొట్టాక ఎవరి పేరూ ఎక్కదని మంగే కట్టడి చేసింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. వడ్డించేవాడికే విస్తరి లేకపోతే ఏం చెయ్యాలో మాత్రం పెద్దలు చెప్పలేదు.

మంగ రొప్పుకుంటూ జయశ్రీ మేడమ్ గదిలోకి పోయింది.

"మేడమ్, నాకు సున్నా ఏసిన్రు."

"చూసిన మంగ. నేను కూడ పరేషాన్ అయిన. పద్నాలుగు సంతకాల పట్టీలు తిరగేసిన, నీది ఒక్కటి లేదు."

"నేను లేనా మేడమ్ అక్కడ?"

"ఉన్నవమ్మ. నాకు తెల్వదా? కానీ కమిటీ నా మాట వినదు, కాగితం అడుగుతది. శనివారం పగలు పన్నెండు లోపల ఏదన్న రుజువు పట్టుకరా."

మంగ ఫోన్ తీసి ఫోటోలు చూపించింది. మూడొందల ఫోటోలు. వేదిక ఉంది, అతిథులున్నారు, నవ్వే పిల్లలున్నారు. తీసింది తనైతే తానెక్కడ పడుతుంది? ఒకే ఒక్క ఫోటో ఎవరో తీసింది దొరికింది. అందులో శాలువా ఉన్న పళ్ళెం, ఆ పళ్ళెం పట్టుకున్న రెండు చేతులు, అంతవరకే ఉంది. ఆ చేతులు తనవేనని మంగ చెప్పింది. మేడమ్ చాలాసేపు చూసి, చేతులకు పేరు రాసి ఉండదు కదా అంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. అలాగని మెచ్చుకోవడానికీ లేదు.

బయట విద్యార్థి కార్యదర్శి సాయిచైతన్య ఎదురయ్యాడు. ఒకసారి అతను ఆలస్యంగా వస్తే మంగ గీత చూపించి అతన్ని సంతకం పెట్టనివ్వలేదు. అయినా మనసులో పెట్టుకోలేదు.

"రిజిస్టర్ బీరువా తాళం నీ దగ్గరనే ఉన్నది కద. ఖాళీ జాగ చూసి పెట్టేసుకో. ఎవలు చూస్తరు?" అన్నాడు.

మంగ అబద్ధం ఆడని పిల్ల అని నేను గొప్పలు చెప్పను. మునిగేవాడికి గడ్డిపరకే తెప్ప. బీరువా తీసి, పద్నాలుగు పేజీలూ తిప్పింది. పైన కార్యక్రమం పేరు, తేదీ అన్నీ తన దస్తూరీయే. కింద పేర్లు వరుసగా ఉన్నాయి. ఆఖరి పేరుకు ఆనుకుని గీత, గీత కింద మొత్తం, దానికింద మేడమ్ సంతకం. పేజీకొక్క గీత, ఒక్క చీమ కూడా దూరలేనంత దగ్గరగా. దొంగతనానికి వచ్చిన పిల్ల తను వేసిన తాళం దగ్గరే నిలబడి ఏడ్చింది.

శుక్రవారం కాలేజీ ఎగ్గొట్టి చిక్కడపల్లి వెళ్ళింది. అక్కడ ఒక సందులో జగన్మోహన్ గారని, రిటైరైన లెక్చరర్, మూడు కార్యక్రమాలకు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఉంటారు. ఆయన మంగను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అంతా విన్నారు.

"శాలువ కప్పింది నువ్వేనా అమ్మా?" అన్నారు.

"కాదు సార్. కప్పింది వేరే అమ్మాయి. పళ్ళెం నేను పట్టుకున్న."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను అబద్ధం చెప్పలేను తల్లీ. పళ్ళెం వచ్చింది గుర్తున్నది. తెచ్చిన మనిషి ముఖం చూడలే. సిగ్గుగ ఉన్నది చెప్పుకోనీకి."

అయినా కాగితం తీసి, మూడు కార్యక్రమాల్లోనూ మంగ అనే విద్యార్థిని సేవలందించిందని నమ్ముతున్నానని రాసి సంతకం చేసిచ్చారు. మంగ ఆ కాగితాన్ని చెమట తగలకుండా పుస్తకంలో పెట్టుకుని, ఎండలో అశోక్‌నగర్ దాకా నడిచింది. దారిపొడవునా కోచింగ్ సెంటర్ల గోడల మీద ర్యాంకులొచ్చిన వాళ్ళ ఫోటోలు వేలాడుతున్నాయి. వాటి వంక చూడాలంటేనే ఒళ్ళు మండింది.

సాయంత్రం పని నుంచొచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మాసయ్యకు సంగతి చెప్పింది. ఆయనకు ఆనర్స్ అంటే తెలియదు, సదస్సు అంటే తెలియదు. కానీ విషయం ఒక్క ముక్కలో పట్టేసుకున్నాడు.

"మేస్త్రి హాజరు రాసుకున్నంక గానీ నేను పార పట్టను బిడ్డా. మీ అమ్మ తట్ట ఎత్తదు. అక్షరం ముక్క రాని మాకే గంత ఎరుక ఉన్నది. నువ్వు సంవత్సరం సంది హాజరు ఏయించుకోకుంట పని ఎట్ల చేసినవ్?"

మాసమ్మ మధ్యలో అందుకుని, "మేస్త్రికి చెప్పినట్టు మీ మేడమ్‌కు జర గట్టిగ చెప్పు. కాళ్ళైనా పట్టుకో. చదువు కోసం పడితే తప్పులేదు" అంది. కూతురు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక పళ్ళెం పక్కకు జరిపితే, ఆ తల్లి కూడా తినలేదు.

శనివారం కమిటీ పది నిమిషాల్లో తేల్చేసింది. జగన్మోహన్ గారి ఉత్తరం చదివి, ఈ అమ్మాయి పనిచేసిందని దీన్నిబట్టి తెలుస్తోంది గానీ హాజరైనట్టు తెలియడం లేదని రాశారు. ఆ వాక్యం రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన చెయ్యి పడిపోయినా నేను జాలిపడను. మంగ మేడమ్ కాళ్ళు పట్టుకోవడానికి వంగింది. మేడమ్ వెనక్కి జరిగి, గట్ల చెయ్యకమ్మ, నన్ను పాపం కట్టుకోనియ్యకు అని కళ్ళు తుడుచుకుంది. పన్నెండున్నరకు కొత్త జాబితా అంటించారు. అందులో నలభై ఒకటో పేరు వేరే వాళ్ళది.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఆదివారం పడింది. మేడమ్ నుంచి ఫోను.

"మంగ, రేపు ఆనర్స్ పిల్లల అభినందన సభ పెట్టిన్రు. తొమ్మిదింటికల్ల వస్తవా అమ్మ? దీపం సామాను, శాలువాలు ఎక్కడున్నయో ఇక్కడ ఒక్కరికి తెల్వదు."

అడగడానికి ఆమెకు నోరెలా వచ్చిందో అని మీకనిపిస్తుంది. ఆమెకది తప్పుగా తోచనే లేదు. మంగ కూడా అలవాటు కొద్దీ "వస్త మేడమ్" అనేసింది. ఫోన్ పెట్టేశాక తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది.

సోమవారం తొమ్మిదికి పోలేదు. పదిన్నరకు, హాలు నిండాక పోయింది. గుమ్మం దగ్గర బల్ల ముందు హారతి అనే మొదటి ఏడాది పిల్ల రిజిస్టర్ ముందేసుకుని దిక్కులు చూస్తోంది. పైన ఏం రాయాలో తెలియక సంతకాలు ఇంకా మొదలుపెట్టించలేదు. మంగ పెన్ను తీసుకుంది. మొదటి వరుసలో తన పేరు రాసి సంతకం చేసింది. లోపలికెళ్ళి మూడో వరుసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది.

మేడమ్ పరుగున వచ్చింది. "అగ్గిపెట్టె ఏడున్నది మంగ?"

"బీరువాల కింది అరల, వత్తుల డబ్బ వెనుక."

"జర తెచ్చియ్యరాదు."

"నేను సభ ఇననీకి వచ్చిన మేడమ్."

మేడమ్ తనే బీరువా వైపు నడిచింది. సభ నడిచిన తీరు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ మంగకు నవ్వు రాలేదు. కుందిలో నూనె లేదు. ముఖ్య అతిథి కొవ్వొత్తి పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడ్డారు. మైకు కూసింది. శాలువాలు ఒకటి తక్కువైంది. ఒక్కో పొరపాటుకూ మంగ ఒళ్ళు దానంతటదే లేవబోయేది, బలవంతంగా ఆపుకునేది. కసి తీరినట్టు అనిపిస్తుందనుకుంది, అనిపించలేదు. తనది కాని ఇంట్లో కూర్చున్నట్టు ఉంది. అయినా కదలలేదు. ఆ ఏడాదిలో మొదటిసారి ఒక ఉపన్యాసం మొదటి నుంచి చివరి దాకా విన్నది.

అందరూ సంతకాలు పెట్టి వెళ్ళాక మేడమ్ రిజిస్టర్ తెరిచి లెక్కపెట్టింది. ఆనర్స్ పిల్లలు అరవై ఒక్కరు. పేర్లు అరవై రెండు. ఎర్ర పెన్ను తీసి, వెళ్ళబోతున్న మంగను ఆపింది.

"మంగ, ఇందుల నీ పేరు ఉండొద్దమ్మ. కమిటీ అడిగితే నేనేం చెప్పాలె? జర కొట్టెయ్యి" అంటూ పెన్ను ఆమె వైపు చాచింది.

మంగ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఏడుస్తూనే చెప్పింది.

"గా పని నేను చెయ్య మేడమ్. మీరే కొట్టెయ్యున్రి. నేను చూస్త."

జయశ్రీ మేడమ్ తల దించుకుని ఎర్ర గీత గీసింది. గీత పూర్తయ్యేదాకా మంగ నిలబడి చూసి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆ ఏడాది రిజిస్టర్లన్నిట్లో మంగ పేరున్న చోటు అదొక్కటే. కొట్టేసి ఉన్నా, చదవడానికి వస్తుంది.