నేను తర్జుమా చేయని మాట

ఏళ్ల తరబడి నా గొంతులో ఒక ప్రశ్న ఇరుక్కుని ఉంది. ప్రశ్న నాది కాదు. ఒకావిడ ఇంకొకరిని అడగమని నాకు అప్పజెప్పింది. నేను అడగలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేదా?

మాది జహీరాబాద్. ఇక్కడ నన్ను ఇటలీ టీచర్ అంటారు. ఇటాలియన్ భాషా సంస్కృతుల్లో ఎంఏ చేశాను, అదీ ఇటలీలోనే. ఇప్పుడు అక్కడికి చదువుకు వెళ్లే పిల్లలకు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో భాష నేర్పుతున్నాను. ఆదివారం చర్చికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మా పాస్టరమ్మ నన్ను చూపించి, దేవుడు ఈ బిడ్డను ఎక్కణ్ణుంచి ఎక్కడికి తీసుకుపోయాడో చూడండి అంటుంది. దేవుడు తీసుకుపోలేదు. నేనే పోయాను. ఎట్లా పోయానో వినండి.

విమల, నేను చర్చి హాస్టల్లో ఒకే గదిలో పెరిగాం. నాకంటే ఏడాది చిన్నది. మొగుడంపల్లి దగ్గర పల్లె వాళ్లది. తల్లి అల్లం చేలల్లో కూలికి పోయేది. ఇద్దరం డిగ్రీ పూర్తి చేశాం. నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూనే ఇటాలియన్ నేర్చుకున్నాను. పైచదువుకు అక్కడికే పోవాలని పిచ్చి. స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్న ప్రతిసారీ చెయ్యి జారిపోయింది. విమలకు కూడా చదవాలనే ఉండేది, కానీ తల్లికి పక్షవాతం వచ్చి ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ రోజుల్లో మా హాస్టల్‌కు సాయం చేసే ఇటలీ పెద్దావిడ, లూచియా, మమ్మల్ని చూడటానికి వచ్చింది. హాస్టల్లో పెరిగిన పిల్లల్లో ఒకరిని తన ఇంట్లో ఉంచుకుని చదివిస్తుందట అని అందరూ చెప్పుకున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. చర్చిలో కూటం పెట్టి తర్జుమాకు నన్ను పిలిచారు. ఇంకేముంది, ఆ పిల్లను నేనే అనుకున్నాను.

మా చర్చిలో ఎవరైనా లేచి తమ బతుకులో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతుంటే, బయటి అతిథుల కోసం తర్జుమా చేసే మనిషి పక్కనే నిలబడుతుంది. వాళ్లదొక వాక్యం, ఈమెదొక వాక్యం. ఆ మాటను ఎవరూ అనుమానించరు. ఆ రోజు ఆ చోట రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

విమల లేచింది. తల్లి చేతుల గురించి, ఆ చేతుల అల్లం వాసన గురించి, తను డిగ్రీతోనే మూసిపెట్టిన పుస్తకాల గురించి చెప్పింది. నేను తర్జుమా చేశాను. బాగా చేశాను కూడా, అదే నా ఖర్మ. లూచియా కళ్లు తుడుచుకుంది. విమలను చూపిస్తూ, ఈ అమ్మాయిని తీసుకువెళ్లి చదివిస్తాను, వస్తుందేమో అడగమంది.

విమల వైపు తిరిగాను.

“మీ అమ్మను ఇడిసి ఉండగలవా అని అడుగుతున్నది.”

“అమ్మను ఇడిసి నేనేడికి పోత అక్కా? పోనని చెప్పు.”

రాదట అని చెప్పాను. మరి నువ్వో, అని లూచియా నన్ను అడిగింది. ఆమె మాట పూర్తి కాకముందే తల ఊపాను.

అబద్ధం ఆడలేదు కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఎలాగూ ఆ పిల్ల పోయేది కాదు, మంచాన పడ్డ తల్లిని వదిలి ఎవరు మాత్రం పోతారు? కానీ రాయికోడ్‌లో ఉన్న వాళ్లక్క, అమ్మను నేను చూసుకుంటా, నువ్వు చదువుకో అని అప్పటికే బతిమాలుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అమ్మ పేరు తీశాను. ఏ మాట అంటే విమల పోననేస్తుందో, పక్కపక్కన పడుకుని పెరిగినదాన్ని, నాకు కాక ఇంకెవరికి తెలుసు?

ఎంఏలో అనువాదం మీద ఒక పేపరుండేది. మంచి మార్కులు వచ్చాయి. సిగ్గు లేదా అంటారా? ఉంది. అది కూడా చదువుతోపాటే పెరిగింది. ఆదివారం భోజనాల దగ్గర లూచియా, ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగేది. తల్లిని చూసుకుంటోంది అనేదాన్ని. ఎంత మంచి పిల్ల అని ఆమె, అవునని నేను. నేను ఇంటికి వచ్చేసిన కొన్నాళ్లకే ఆమె పోయింది. ఇక ఆమెకు చెప్పుకునే దారి కూడా లేదు.

విమల ఇప్పుడు బస్టాండ్ దగ్గర బట్టల దుకాణంలో పని చేస్తోంది. తల్లి ఇంకా ఉంది. మొన్న ఆదివారం విమల మళ్లీ సాక్ష్యం చెప్పింది. ఇటలీ అమ్మ నన్ను ఒక్కటే అడిగింది, అమ్మను విడిచి ఉంటావా అని, ఉండనన్నాను, ఆ మాట దేవుడు విన్నాడు కాబట్టే మా అమ్మను ఇన్నేళ్లు నా కళ్ల ముందు ఉంచాడు అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

నేను కల్పించిన ప్రశ్న మీద ఆమె విశ్వాసం కట్టుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఆమెకేం మిగులుతుంది? లేక ఇది కూడా నేను తప్పించుకోవడానికి వెతుక్కున్న సాకేనా? సాకే. మరి రేపు వెళ్లి చెబుతానా? మాట ఇవ్వలేను.

లూచియా ఆ రోజు అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇన్నాళ్లకు తర్జుమా చేస్తున్నాను:

“ఈ అమ్మాయిని తీసుకువెళ్లి చదివిస్తాను, వస్తుందేమో అడుగు. భాష రాదని భయపడొద్దను, అక్కడ మేమే నేర్పుతాం. వాళ్లమ్మ సంగతి కూడా ఆలోచించుకుని నెమ్మదిగా చెప్పమను. ఎన్నాళ్లైనా ఆగుతాను.”

అదీ ఆ మాట. వినాల్సింది విమల. ముందు మీరు విన్నారు. నా గొంతు కాస్త తేలికపడింది, అందుకూ సిగ్గుగానే ఉంది.