దగ్గరి దారి లెక్క

లారీల దారి లెక్కకు సమీకరణం రాసేముందు ఒక పూట ఆ లారీ ఎక్కి తిరిగి రండని నా దగ్గర చదివే పిల్లలకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఒక్కడూ ఎక్కడు. అప్పట్లో నేనూ ఎక్కలేదు లెండి.

తొంభైలలో కోదాడలో లెక్కలు చెప్పేవాణ్ణి. మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే మా బావ, ఊళ్ల నుంచి వడ్లు తెచ్చే లారీకి డీజిలు తక్కువయ్యే దారి తేల్చమన్నాడు. మూడు వారాలు సమీకరణాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. చివరికి తేలింది: ముందు నిడమనూరు, తర్వాత పెన్‌పహాడ్.

మర్నాడు లారీ నిడమనూరు కల్లంలో మధ్యాహ్నం దాకా ఖాళీగా నిలబడిపోయింది. కబురందగానే మిల్లు నుంచి బస్సులో వెళ్లాను. డ్రైవర్ లారీ నీడలో కూర్చుని ఉన్నాడు.

"హమాలీలంతా పెన్‌పహాడోళ్లు సార్. రోజూ ముందుగాల గాడికి పోయి ఆళ్లను ఎక్కించుకుంటం. ఇయ్యాల మీ కాయితం సూసి సీదా గీడికొచ్చిన. బస్తాలు ఎవలెత్తాలె?"

"మరి నాకు ముందే చెప్పొద్దా?"

"మీరు అడగలే గద సార్."

కోప్పడే ఓపిక కూడా లేదు. సంచిలోంచి కాగితాలు తీసి చూసుకున్నాను. ఊళ్లున్నాయి, దూరాలున్నాయి, బస్తాలున్నాయి. మోసే మనిషి ఒక్కడూ లేడు.