నొక్కిన పండు

మా నాన్న, మా బాపు, మాదన్నపేట మార్కెట్టు దగ్గర ముప్పై ఏళ్లు బండి మీద అరటిపళ్లు అమ్మాడు. ఆ ముప్పై ఏళ్లలో మచ్చలేని పండు ఒక్కటీ తినలేదు. మంచివి కొనడానికొచ్చే గిరాకీకి, నల్లబడ్డవీ చితికినవీ ఇంటికి. అరటిపండు గట్టిగా కూడా ఉంటుందని నాకు కాలేజీ క్యాంటీన్‌లో తెలిసింది. మా ఇంటి వెనక, స్నానాల నీళ్లు పారే చోట ఒక అరటి చెట్టుంది. ఆకులు తప్ప ఏమీ ఇవ్వదు. దానికీ నాకూ పోలిక ఉందని బాపు అంటాడు.

మొన్న వానాకాలం ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది గానీ ఆకలి తిరిగి రాలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడమే గగనమైంది. రెండు గుక్కల గంజి, అంతే.

"బాగా పండిన అరటిపండు పెట్టండి. తేలిగ్గా అరుగుతుంది, ఓపిక వస్తుంది. ఏమీ తినకపోతే మళ్లీ సెలైనే" అన్నాడు డాక్టరు.

మార్కెట్టంతా తిరిగి అందమైన పళ్లు ఏరి తెచ్చి మంచం పక్కన పెట్టాను. బాపు ముచ్చటగా చూశాడు.

"మంచి మాల్. గిరాకీకి పెట్టు."

"బండి అమ్మి ఆరేండ్లాయె బాపూ."

"అయితే ఏంది? గిట్లాంటి పండు మనం తింటమా?"

చదువుకున్నవాణ్ని కదా, పొటాషియం గురించి, పీచు గురించి ఉపన్యాసం ఇచ్చాను.

"ఈ ముచ్చట్లు చెప్పే అమ్మిన. మళ్ల నాకే అమ్ముతున్నవా?" అని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పక్కింటి ఖాలా చూడటానికి వచ్చింది. "జిందగీ మొత్తం మాకు తినిపించినవ్ భాయ్, ఇప్పుడు నువ్వు తినకపోతే ఎట్ల?"

"మీరు గిరాకీ, ఆపా" అన్నాడు బాపు మర్యాదగా.

ఆ సాయంత్రం వంటింట్లో ఒక పండు తీసుకుని, దాని నడుము దగ్గర బొటనవేలితో నొక్కి పెట్టాను. చిన్నప్పుడు ఈ పనికే రెండు దెబ్బలు తిన్నాను. తెల్లారేసరికి గోధుమరంగు మచ్చ తేలింది. తీసుకెళ్లి చూపించాను.

"ఇది ఖరాబైంది బాపూ. పారెయ్యనా?"

బాపు మచ్చను వేలితో తడిమాడు.

"బండిల తాకితే గిట్లుండది. ఇది బొటనవేలు."

నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"మస్తు చదివినవ్ గాని, నొక్కుడు రాలే. ఇంత గట్టిగ నొక్కుతరా?"

అంటూనే తొక్క తీసి సగం తిన్నాడు. కాసేపు ఆగాడు. తలుపు దగ్గర అమ్మ గంజిగిన్నెతో కదలకుండా నిలబడింది. మిగతా సగమూ తిన్నాడు.

తొక్క నా చేతిలో పెట్టాడు. "చెట్టు మొదట్ల వెయ్యి. రేపటికి ఇంకోటి నొక్కు. జర మెల్లగ."