విభూతి చల్లిన ఫ్లైవీలు

పాకాలలో మా స్పేర్‌పార్ట్స్ కొట్టు పక్కనే మురుగేష్ లేత్ షెడ్డు, ఇనుప సామాన్లు కోసి నునుపు చేసే చోటు. అంత పిరికి మనిషిని నేనింతవరకు చూడలేదు. కార్లకు క్లచ్ మార్చేటప్పుడు, ఇంజను వెనక తిరుగుతూ అరిగి మాడిన ఇనుపచక్రాన్ని, అంటే ఫ్లైవీలును, చదును చేయించడానికి మెకానిక్కులు అతని దగ్గరికే వస్తారు, వచ్చి విసుక్కుంటారు. చదును చేయడంతో అతనికి పని అయిపోదు. కిరసనాయిలు పూసి, పొడిగా తుడిచి, పైన పలచగా విభూతి చల్లి కూర్చుంటాడు. కంటికి ఆనని పగులుంటే అందులో దిగిన నూనె పైకి ఊరి, విభూతిలో తడి గీత పడుతుంది. గీత పడిందా, ఎవరు బతిమాలినా ఇక అది పనికిరాదంటాడు.

"ఇనుముకి కూడా పూజ చేస్తావేందప్పా!" అని ఎగతాళి చేస్తుంటాను. అతను నవ్వడు.

ఎందుకు నవ్వడో నాకు తెలియక కాదు. దయానంద్ అని తిరుమలకు టాక్సీ తోలేవాడు. ఘాట్‌లో బండ్లు ఆగిపోయినప్పుడల్లా బ్రేకు తొక్కకుండా సగం నొక్కిన క్లచ్ రాపిడి మీదే కారును నిలబెట్టేవాడు. ఆ వేడికి బీటలువారిన ఫ్లైవీలు ఒక మలుపులో పగిలింది. ముక్క గేర్‌బాక్సును చీల్చుకుని పైకొచ్చి అతని పాదాన్ని నుజ్జు చేసింది. ఆ రోజు వెనక సీట్లో మురుగేష్ కూర్చుని ఉన్నాడు.

మొన్న మురుగేష్ కూతురు పూజిత పాత కారొకటి కొంది. కొండకు టాక్సీ తిప్పుతుందట. క్లచ్ మార్చడానికి విప్పించి, ఫ్లైవీలును తనే మోసుకొచ్చింది. కొత్త క్లచ్ ప్లేటు ఇద్దామని నేనూ షెడ్డులోకి వెళ్లాను.

మురుగేష్ దాన్ని లేత్‌కు బిగించాడు. వేడికి పడిన నీలం మచ్చలు పోయేదాకా సన్నగా కోత పెట్టాడు. తర్వాత కిరసనాయిలు, గుడ్డ, విభూతి. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. గీత పడకూడదని నేను మొక్కుకుంటూ అతని ముఖం వైపు చూశాను. అతను గీత పడాలని కోరుకుంటున్నాడు.

పడలేదు. విభూతి తెల్లగా, పొడిగా ఉంది.

"నెర్రె ఉండాది. పనికిరాదు," అన్నాడు మురుగేష్.

పగులు విషయంలో అతను అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.

పూజిత ముందుకు వంగింది. "యాడుండాది నాయనా? సూపించు."

అతని వేలు ఫ్లైవీలు చుట్టూ తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

"సరే, ఇంకోటి తెస్తా. దానికీ ఇట్లే చెప్తావా?"

"చెప్తానమ్మా. ఎన్ని తెచ్చినా ఇదే చెప్తా." విభూతి మీద అరచెయ్యి ఆనించాడు. "నాకు బయంగా ఉండాది."

పూజిత విభూతి అంటిన అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు మాత్రం లేదా నాయనా? బయపడే కదా నీ దగ్గరికి తెచ్చినాను."

మురుగేష్ గుడ్డ తీసుకుని విభూతి అంతా తుడిచాడు.

"బాగుండాది," అన్నాడు. "ఎత్తకపో."