లైట్ల తాత ఇంటి ముందు

పోయిన ఆదివారం మా ఆయన పాలు, అరటిపళ్ళతో పాటు ఒక టైమర్ కూడా కొనుక్కొచ్చారు. అమెరికాలోని మా కమ్మింగ్ ఊళ్ళో డిసెంబర్ వచ్చేసరికి ప్రతి ఇంటి చూరుకీ లైట్లు వేలాడతాయి. మేం దీపావళికి కట్టినవే క్రిస్మస్ దాకా ఉంచేస్తాం, రెండు పండగలకీ కలిపి నిచ్చెన ఎక్కడం ఒకసారే. టైమర్ పెడితే వాటంతట అవే వెలిగి, వాటంతట అవే ఆరిపోతాయని ఆయన ఉత్సాహంగా చెప్పబోయి, నా మొహం చూసి మధ్యలో ఆపేశారు. తిరిగిచ్చేద్దాంలే అన్నారు. నేను దాన్ని మళ్ళీ సంచీలో పెట్టి, చీకటి పడుతుంటే గరాజ్ దాకా వెళ్ళి, రోజూ లాగే నా చేత్తోనే స్విచ్ వేశాను.

చాలా ఏళ్ళ కిందట, ఈ ఇల్లు కొన్న కొత్తలో, డిసెంబర్ వారాంతాల్లో లైట్లు చూడటానికి బయలుదేరడం మా ఇంట్లో ఒక వ్రతంలా ఉండేది. వ్యాన్‌లో హీటర్ వేసుకుని, పులిహోర ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వీధీ నడక వేగంతో తిరిగేవాళ్ళం. మా ఆయన ఏ ఇల్లు చూసినా కరెంటు బిల్లు ఎంత వస్తుందో ఊహించేవారు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. దానికి గాలితో ఉబ్బే బొమ్మలుంటేనే ఇల్లు, లేకపోతే బోరింగ్. నేను మాత్రం లైట్ల కన్నా పరదాలు వేయని కిటికీల్లోంచి లోపలి వంటగదులు చూసేదాన్ని. ఎవరింటి సింకులోనూ గిన్నెలు ఉండవేమిటని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ తిరుగుడంతా చివరికి ఒక ఇంటి దగ్గర ఆగేది. రోడ్డు గుండ్రంగా తిరిగి ఆగిపోయే మలుపులో పాత ఇటుకల ఇల్లు. ఇంటి కప్పు నుంచి గడ్డి మీది జింకల దాకా అంగుళం ఖాళీ లేకుండా లైట్లు. వరండాలో స్పీకర్‌లోంచి పాటలు వినిపించేవి. డ్రైవ్‌వే చివర మడత కుర్చీ వేసుకుని, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, ఒంటరివాడు, పక్కన బకెట్‌లో చారల మిఠాయి కర్రలు పెట్టుకుని, వచ్చిన ప్రతి కారులోని పిల్లలకీ ఇచ్చేవాడు. ఆయన పేరు మాకు తెలియదు. మా అమ్మాయి లైట్స్ తాత అంది, మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అదే పేరైపోయింది.

ఆయనతో నిజంగా స్నేహం చేసింది మాత్రం మా ఆయన మేనత్త. ఆవిడ కూతురు ఉత్తరాన పిస్కాటవేలో ఉంటుంది. అక్కడి మంచుకి తట్టుకోలేక అత్తయ్యగారు చలికాలం మా దగ్గరికి వచ్చేసేవారు. మొదటి ఏడాది ఆయన ఇచ్చిన మిఠాయి కర్రని మా అమ్మాయి చేతిలోంచి తీసుకుని రుచి చూసి, పిప్పరమెంటే కదా అని తేల్చేశారు. తిన్నాక ఊరికే పోవడం ఆవిడకి చేతకాదు. మర్నాడు మళ్ళీ నా కారెక్కి వెళ్ళి ఆయనకి సున్నుండల డబ్బా ఇచ్చి, తెలుగులో యోగక్షేమాలన్నీ అడిగారు. ఆయన ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో తర్జుమా చేయబోయిన నన్ను ఇద్దరూ పట్టించుకోలేదు. వచ్చేటప్పుడు ఆవిడ చెయ్యెత్తి, వెళ్ళొస్తాం నాయనా అన్నారు.

మరుసటి డిసెంబర్‌లో ఆవిడ మళ్ళీ సున్నుండలు చుట్టారు. మేం వెళ్ళిన సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. మలుపు తిరగకముందే పాట వినిపించింది, లైట్లన్నీ వెలుగుతున్నాయి. మా ముందు అయిదారు కార్లు ఉన్నాయి. ఒక్కో కారూ ఇంటి ముందు ఆగుతోంది, కిటికీ దిగుతోంది, ఫోను బయటికొస్తోంది, కారు కదులుతోంది. మా వంతు వచ్చాక చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. బకెట్‌లో వాన నీళ్ళు నిండి, మిఠాయి కర్రలు కరిగి, నీళ్ళు ఎర్రగా మారాయి. గాలిబొమ్మ ఒకటి మొహం కిందికి పడిపోయి ఉంది. దాని ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉండడంతో వీపు లేస్తూ దిగుతూ ఉంది. నాకెందుకో అది చూడబుద్ధి కాలేదు.

"లైట్స్ తాత ఎక్కడ ఉంది?" అని తనకొచ్చిన తెలుగులో అడిగింది మా అమ్మాయి.

వాన కదా, లోపలికి వెళ్ళుంటాడని మా ఆయన చెప్పి, డబ్బా వరండా మెట్ల మీద పెట్టేసి వద్దామన్నారు. వెనక కార్లు ఆగున్నాయి. అత్తయ్యగారు డబ్బా వదల్లేదు.

"మెట్ల మీద పడేసి పోటానికి మనమేమన్నా పార్సిళ్ళోళ్ళమా? మనిషి చేతికిచ్చి, చెప్పి పోవాల," అన్నారు.

మా ఆయనకి చిరాకు కన్నా భయం ఎక్కువైంది. అప్పుడు ఆయన వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇల్లు కొన్నాం గానీ, ఈ దేశంలో ఉంటామో లేదో మాకే తెలియదు. పోలీసు అన్న మాట వినబడితే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు.

"అత్తా, నీకు తెలీదు. ఇక్కడ వేరేవాళ్ళ ప్రాపర్టీలోకి వెళ్ళి తలుపు కొడితే గన్ తీస్తారు. ఎవరన్నా కాప్స్‌కి కాల్ చేస్తే నా కేస్ ఏమవుద్ది?"

"నేను మట్టుకు ఆయనకి కనపడకుండా రాను," అని ఆవిడ తలుపు తీసుకుని దిగారు. చీర అంచు తడి గడ్డి మీద ఈడుస్తూ వెళుతుంటే, నేను గొడుగు పట్టుకుని వెంట పరిగెత్తాను. వెనక నుంచి హెడ్‌లైట్లు మా మీద పడుతున్నాయి. ఆ వెలుతుర్లో మేమిద్దరం దొంగల్లా కనిపిస్తున్నామని నాకు గట్టిగా అనిపించింది.

వరండాలో తలుపుకి అడ్డంగా పార్సిళ్ళు ఉన్నాయి. అడుగునున్న దాని అట్ట వానకి నాని విచ్చిపోయింది. బెల్ నొక్కాను, ఎవరూ రాలేదు. అద్దంలోంచి చూస్తే లోపలంతా చీకటి. హాలు నేల మీద మాత్రం బయటి ఎరుపూ ఆకుపచ్చా వెలుగులు మారుతూ ఉన్నాయి. ఊరెళ్ళుంటాడని నేనన్నాను. అత్తయ్యగారు వినకుండా తలుపుకి చెవి ఆనించారు. పక్కనే స్పీకర్‌లో గంటల మోతతో పాట హోరెత్తుతోంది.

"ఆ పాట ఆపమ్మాయ్," అన్నారు.

మెట్ల పక్కన వైర్లన్నీ కలిసే చోట ఒక టైమర్ ఉంది. ఏ వైరు దేనిదో తెలియక, దాన్ని మొత్తంగా ప్లగ్‌లోంచి లాగేశాను. ఒక్కసారిగా ఇల్లు, చెట్లు, జింకలు అన్నీ చీకటైపోయాయి. పాట ఆగింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఇంకొకరు కోపంగా ఏదో అరిచారు. గాలిబొమ్మ చప్పబడి నేలకి అతుక్కుపోయింది. ఆ తర్వాత వినిపించింది. మా కాళ్ళ కింద నుంచి, బేస్‌మెంట్‌లోంచి, ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు. టక్, టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్.

అత్తయ్యగారు తలుపు మీద అరచేత్తో కొట్టారు. లోపలి చప్పుడు వేగమైంది.

నేను కారు వైపు తిరిగి మా ఆయన్ని గట్టిగా పిలిచాను. ఆయన అప్పటికే ఫోను తీసుకుని దిగి వస్తున్నారు. ఇక్కడి అత్యవసర నంబరు తొమ్మిది ఒకటి ఒకటికి ఆయన జీవితంలో చేసిన మొదటి కాల్ అదే. ముందు తన పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పారు, అడ్రసు తర్వాత చెప్పారు. ఆ క్షణంలో కూడా నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఫైరింజన్ వాళ్ళు తలుపు పగలగొట్టి ఆయన్ని బయటికి తెచ్చారు. బేస్‌మెంట్ మెట్ల మీంచి జారి, తుంటి విరిగి, చేతికందిన స్పానర్‌తో నీళ్ళ గొట్టాన్ని కొడుతూ పడి ఉన్నాడట. ఎప్పటి నుంచో ఆయనకే సరిగ్గా తెలియదు. పైన పాటలు వాటంతట అవే మొదలైతే సాయంత్రం అయిందని అర్థమయ్యేదట, కార్లు వచ్చి ఆగడం, పిల్లల నవ్వులు కూడా వినిపించేవట. పాట ఆగేసరికి కార్లు వెళ్ళిపోయేవి. ఊరంతా ఆయన నెత్తి మీద నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్ళింది. మేం కూడా ఆ డబ్బా మెట్ల మీద పెట్టేసి వచ్చుంటే, ఆ రాత్రి అందరిలాగే లైట్లు బాగున్నాయనుకుంటూ పడుకునేవాళ్ళం.

స్ట్రెచర్ మీద ఆయన పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. అత్తయ్యగారిని గుర్తుపట్టి చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, డబ్బా దుప్పటి మీద పెట్టి, "వెళ్ళి రా నాయనా," అన్నారు.

ఆయన బతికాడు. కానీ ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. వేరే రాష్ట్రం నుంచి కూతురు వచ్చి తీసుకెళ్ళిందని, ఇల్లు అమ్మేశారని తర్వాత తెలిసింది. మా ఆయన కాగితాలకి ఏమీ కాలేదు. ఒక ఆఫీసర్ వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు, అంతే. అత్తయ్యగారు ఇప్పుడు లేరు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. ఈ డిసెంబర్‌లో ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు, నాకు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం అలవాటైంది. మాకూ బేస్‌మెంట్ ఉంది.

ఎదురింటి అమ్మాయికి చెప్పి ఉంచాను, చీకటి పడ్డాక మా లైట్లు వెలగకపోతే ఊరుకోవద్దని. ఆంటీ, అలా మాట్లాడకండి అని నవ్వేసింది. నవ్వితే నవ్వింది. ఏదో ఒక సాయంత్రం అవి వెలగవు. ఆ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి మా తలుపు కొట్టాలంటే, అప్పటిదాకా రోజూ నా చేత్తోనే వెలిగిస్తూ ఉండాలి.