శనివారం దాకా ఆగిన చివరి భాగం

మా ఆంటీ పోయారు. కెనడాలోనే ఇంకో ఊరు రెజైనా నుంచి వచ్చి కొన్నాళ్లుగా తల్లి దగ్గరే ఉంటున్న వాళ్లమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మ ఈజ్ గాన్. నిద్రలోనే" అంది. హామిల్టన్‌లో నేను పనిచేసే హాస్పిటల్ ల్యాబ్‌కి వెళ్లడానికి అప్పుడు బస్టాపులో ఉన్నాను. బస్సు వచ్చి ఆగింది, నేను ఎక్కలేదు. అంత్యక్రియలు ఎప్పుడని అడిగాను. ఫ్యూనరల్ హోమ్ వాళ్లకి శనివారం మధ్యాహ్నం తప్ప ఖాళీ లేదట. అప్పటిదాకా నిబ్బరంగానే ఉన్నదాన్ని, శనివారం మధ్యాహ్నం అన్న మాట వినగానే నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకి దిగాను. అంకుల్ స్టీల్ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు చూపిస్తూ ఆయన హీటింగ్ గురించీ, గుమ్మం ముందు మంచు ఎత్తడం గురించీ చెబుతుంటే ఆంటీ మధ్యలో అడ్డొచ్చి, నవలలు చదువుతావా అని అడిగారు. ఎలాంటివి అన్నాను. "ప్రేమ ఉండాలి, శవం ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా నాకు నిద్రొచ్చేస్తుంది" అన్నారు. చదువుతాను కానీ చివరి పేజీ ముందు చదివేస్తానని చెప్పాను. బేస్‌మెంట్ నాకు ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆవిడ అంకుల్ వైపు చూశారు.

పెళ్లయి కెనడా వచ్చేటప్పుడు ఆవిడ పెట్టెలో చీరలు తగ్గించుకుని తర్వాత తీరిగ్గా చదువుదామని వారపత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న సీరియల్ కాగితాలు నింపుకొచ్చారు. అంకుల్ వాటిని నవలకో పుస్తకంగా సర్ది, చెప్పులు కుట్టే ఆరెతో చిల్లులు పెట్టి, గట్టి దారంతో కుట్టి, ఇక్కడి కిరాణా షాపులో ఇచ్చే బ్రౌన్ సంచులు కత్తిరించి అట్టలు వేశారు. హత్య జరిగిన పేజీ తిప్పితే వెనక గోంగూర పచ్చడి చేసే విధానం సగం ఉంటుంది, మిగతా సగం ఎవరికీ తెలియదు. ఆ పచ్చడి ఆవిడ ఆ సగంతోనే చేసేవారు. బాగుండేది.

పుస్తకమంతా చేతిలో ఉన్నా వారానికి ఒక్క భాగమే చదవాలన్నది ఆ ఇంటి పద్ధతి. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆంటీ వంటింట్లో కూరగాయలు ముందేసుకుని కూర్చునేవారు, అంకుల్ పైకి చదివేవారు. అసలైన చోట "సశేషం" అని రాగానే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. తర్వాత ఏమైందో చెప్పమని ఆవిడ వారమంతా వెంటపడేవారు. కుట్టింది ఆయనే కాబట్టి ఆయనకి అంతా తెలుసు. "శనివారం దాకా ఆగలేవా?" అని నవ్వేవారు. దొంగతనంగా చూస్తుందేమోనని, చదవాల్సిన పేజీలన్నిటికీ కలిపి ఆఫీసుల్లో వాడే పెద్ద నల్ల క్లిప్పు పెట్టేవారు. నేను బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. నాలాంటి తొందర మనిషికి అదొక శిక్ష, అయినా ఒక్క శనివారం కూడా మానలేదు.

ఈ కథలతో ఆవిడ లోకాన్ని కొలిచేవారు. ఊళ్లో అందరూ పాపం మంచివాడు అంటున్నారంటే వాడే చంపాడన్నమాట అనేవారు. నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అబ్బాయిని తీసుకెళ్తే, మరీ మర్యాదగా ఉన్నాడు జాగ్రత్త అని నన్ను పక్కకి పిలిచి చెప్పారు. అతను మూడోసారి అన్నం పెట్టించుకుని సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోయాక గానీ అనుమానితుల జాబితాలోంచి తీసేయలేదు. ఇప్పుడు అతను నా భర్త. ఆవిడ పోయారని చెబితే మొదట గుర్తు చేసుకున్నది ఆ సోఫానే.

వాళ్లిద్దరూ కలిసి చదివిన ఆఖరి నవల ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజి అమ్మాయి కథ. చిన్న ఊళ్లో ట్రంక్ కాల్స్ కలిపే ఉద్యోగం. రోజూ మాట్లాడే ఒక గొంతుని ప్రేమిస్తుంది, మనిషిని చూడలేదు. ఊళ్లో ఒక హత్య జరుగుతుంది. చనిపోయినవాడికి ఆఖరి ఫోన్ కలిపింది ఆమే, అవతల మాట్లాడింది ఆ గొంతులాగే ఉంది. అతనే హంతకుడా, ఇంకెవరైనా అతనిలా మాట్లాడారా? చివరి ముందు భాగంలో, వానలో ఎవరో ఆమె తలుపు కొడతారు. "ఎవరు?" అంటుంది. జవాబు రాదు. ఒక్క మాట వినబడితే ఆమె గుర్తుపట్టేస్తుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. సశేషం.

ఆ ఫోను గొంతు కోసం అంకుల్ తన గొంతు బాగా తగ్గించి, ఆగి ఆగి చదివేవారు. ఆంటీ కత్తి పక్కన పెట్టేసేవారు. ఆ శనివారం కూడా గడియ దగ్గర ఆపి కళ్లజోడు తీసేశారు, క్లిప్పు పెట్టారు. తర్వాతి శనివారానికి ఆయన లేరు. గుండెపోటు.

తర్వాత చదివే పని నాకొచ్చింది. నాకు పెళ్లయి వేరే ఇంటికి మారినా శనివారాలు వెళ్లేదాన్ని. పాత నవలలన్నీ తిరగేశాక ఒకసారి ఆవిడే టెలిఫోన్ అమ్మాయి కథ తెచ్చి ఇచ్చారు. అందులో ఆ గొంతు మొదటిసారి మాట్లాడే చోటికి రాగానే ఆపమని చెయ్యెత్తారు.

"ఆ మాటలు నువ్వు చదవకమ్మాయ్. ఊరికే ఆగు. అవి నాకు వినబడతాయి."

అప్పట్నుంచి అంతే. అమ్మాయి మాటలు నేను పైకి చదివేదాన్ని. అతని మాటలు వచ్చినప్పుడు కళ్లతో చదువుకుంటూ మౌనంగా కూర్చునేదాన్ని. ఆంటీ కిటికీ వైపు చూసేవారు. ఒక్కోసారి నవ్వేవారు, అక్కడ నవ్వే మాటే ఉండేది. గడియ దాకా వచ్చాం. తొందర మనిషిని కదా, క్లిప్పు తీసేద్దామా ఆంటీ అని అడిగాను.

"అది ఆయన చదవాల్సిన భాగం. శనివారం చదువుతానన్నారు. ఇంకా ఆ శనివారం రాలేదనుకుంటున్నా, అంతే" అని బీరకాయ తీసుకుని చెక్కు తీయడం మొదలుపెట్టారు. ఇంకెప్పుడూ నేను అడగలేదు. ఆ కథ మాత్రం మళ్లీ మళ్లీ చదివించుకున్నారు, ప్రతిసారీ గడియ దగ్గరికి వచ్చి ఆగాం.

అంత్యక్రియల రోజున ఆవిడకి ఇష్టమైన నీలం చీర కట్టి పెట్టెలో పడుకోబెట్టారు. జనం రాకముందే వాళ్లమ్మాయి నన్ను పక్కకి తీసుకెళ్లి బ్యాగులోంచి ఆ పుస్తకం తీసింది. క్లిప్పు అలాగే ఉంది. తనని నేను అక్కా అనే పిలుస్తాను. అక్కకి తెలుగు మాట్లాడ్డం కొంచెం వచ్చు, చదవడం రాదు.

"అమ్మ సో మెనీ ఇయర్స్ వెయిట్ చేసింది. మూత వేసేముందు నువ్వు చదివి వినిపిస్తావా, ప్లీజ్?"

నేను క్లిప్పు మీద వేలు పెట్టాను. నొక్కితే చాలు. తలుపు బయట ఎవరున్నారో నాకూ తెలుసుకోవాలనే ఉంది, ఆ ఆశ ఏమీ చిన్నది కాదు. కానీ తలుపు తెరిస్తే మొదట మాట్లాడేది అతనే అయ్యుంటాడు. ఆ మాటలు ఆంటీ అంకుల్ నోట ఎప్పుడూ వినలేదు. నేను మౌనంగా ఆగితే ఈసారి ఆవిడకి ఏమీ వినబడదు. పైకి చదివితే, అన్నేళ్లు ఎదురుచూసిన గొంతు బదులు నా గొంతు వినాలి. అక్కకి అదంతా ఎలాగో చెప్పాను, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. తను చాలాసేపు కళ్లు తుడుచుకుంది.

"సో నాన్నే చదవాలి" అంది.

ఫ్యూనరల్ హోమ్‌లో కత్తెర అడిగి దారం తెంపాను. చివరి భాగాన్ని విడదీసి, క్లిప్పు తీయకుండా ఆంటీ చేతి కింద పెట్టాం. పంతులుగారు ఈ కాగితాలేమిటని అడిగారు. అంకుల్‌కి ఇవ్వాల్సినవి అని అక్క చెప్పింది.

మిగతా పుస్తకం నాకిచ్చింది. ఈ శనివారం మా వంటింట్లో మా ఆయన బెండకాయలు తరుగుతుంటే మొదటి భాగం తీశాను. ఆ గొంతు మాట్లాడే చోట ఆగిపోయాను. ఏమైందని అతను అడిగాడు, ఏం లేదన్నాను. ఇంకొన్ని శనివారాలకి కథలో వాన వస్తుంది, ఎవరో తలుపు కొడతారు, ఆమె ఎవరని అడుగుతుంది. పుస్తకం అక్కడితో అయిపోతుంది. ఆ చెయ్యి గడియ మీద ఉంటుంది, నీలం చీర కొంగు కొంచెం తడిసి ఉంటుంది. అవతల ఒక పెద్దాయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంటూ ఉంటారు.